పాత ఫైబర్ పడవకు మాటు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్న తెరచాప పడవ అడుగు ఫోటోలు చూశాను. ముక్కు కింద జానెడు పగులుంది, చుట్టూ సాలెగూడులా సన్నగీతలున్నాయి. పుట్టీ మెత్తేస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదురా. నీళ్లలో పడవ అడుగు ప్రతి అలకూ వంగుతుంది. పుట్టీలో పీచు లేదు, వంగలేదు. పగులు మళ్లీ అదే దారిన తెరుచుకుంటుంది. పైగా కార్ల డెంటింగులో వాడే పుట్టీ నీరు పీలుస్తుంది.

ముందు రూపాయి బిళ్లతో పగులు చుట్టూ కొట్టి చూడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్ల శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయినట్టు. అంతవరకూ చాక్‌పీసుతో గీసుకుని, 40 నంబరు ఎమరీ బిళ్లతో లోపలివైపు నుంచి గ్రైండు చెయ్యి. అంచు ఏటవాలుగా రావాలి, మందానికి పన్నెండు రెట్లు. అడుగు 4 మిల్లీమీటర్లుంటే చుట్టూ 5 సెంటీమీటర్ల వాలన్నమాట. ఇక్కడ పిసినారితనం వద్దు. ఆరిపోయిన పాత రెసిన్‌లో, అంటే గాజుపీచును పట్టి ఉంచే జిగురులో, కొత్తది కలిసిపోదు, ఆ గరుకును పట్టుకునే నిలుస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తియ్యొద్దు.

తర్వాత ఆరబెట్టు. రాత్రి ఆ చోట పాలిథిన్ కాగితం నాలుగువైపులా టేపుతో అంటించు. మర్నాడు ఎండ తగిలాక దాని కింద చెమట పట్టిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఎన్ని రోజులైనా ఆగు. తడి మీద వేసిన మాటు పెచ్చులా ఊడుతుంది.

చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే చాప్డ్ మ్యాట్, అంటే గాజుపీచు ముక్కల చాప, తీసుకో. ఒక పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది, చదరపు మీటరుకు కిలో దాకా పాలిస్టర్ రెసిన్ తాగుతుంది. బయటివైపు మైనం రాసిన సన్‌మైకా ముక్క ఆనించు. లోపల చిన్న ముక్కతో మొదలుపెట్టి ఒక్కోటీ కాస్త పెద్దది వేస్తూ పో. ప్రతి పొరనూ రోలరుతో నొక్కి గాలి బుడగలు తియ్యి. తెల్లగా కనిపించిన చోట రెసిన్ అందలేదని అర్థం.

రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్టు సంగతి మరీ జాగ్రత్త. 100 గ్రాముల రెసిన్‌కు 1 నుంచి 2 మిల్లీలీటర్లు. మన బెజవాడ ఎండలకు ఒకటి చాలు. అంతకు తగ్గించావా, సరిగా గట్టిపడదు. రోహిణి కార్తెలో గిన్నెలోనే గడ్డకడుతోందని తగ్గించొద్దు. తెల్లవారుజామున పని పెట్టుకుని, ఒక్కసారికి 200 గ్రాములే కలుపు. ఒకే ఊపున నాలుగైదు పొరలు వేస్తే లోపలి వేడికి పగుళ్లిస్తుంది. రెండు మూడు వేసి, చల్లారాక మిగతావి వెయ్యి. గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్టు ద్రావణం రెసిన్‌తో విడిగా ఇచ్చారంటే ముందు దాన్ని రెసిన్‌లో బాగా కలిపి, తర్వాతే క్యాటలిస్టు పొయ్యి. ఆ రెండూ నేరుగా ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో చుక్క పడితే పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తు.

జెల్‌కోటు, అంటే పడవ బయటి నునుపు పూత, పైపొర జిగటగానే ఉండిపోతోందంటే గాలి తగలడం వల్ల. చివరి పూతలో మైనం ద్రావణం కలుపు.

కృష్ణలో ఉప్పు బాధ లేదు, ఇసుకతోనే తంటా. పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దింపే నడిమి పలక గాడిలో ఇసుక ఇరుక్కుని అంచులు అరిగిపోతాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ గాడిలో నీళ్లు కొట్టు. తెరచాపలో ముందు చెడేది గుడ్డ కాదు, కుట్టుదారం. ఎండకు పొడిబారుతుంది. గోటితో గీకితే తెగిందంటే పాలిస్టర్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు వేయించు. చాపను లేపే తాడు నైలాన్‌ది వద్దు, సాగుతుంది.

ఎగువ నుంచి వరద కబురొస్తే పడవను నీళ్లలో వదలకు, గట్టు మీదికి లాగించు. 2024 సెప్టెంబరులో వరదకు కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లు, అంటే గేట్ల బరువుకు సమతూకంగా ఉండే దిమ్మెలు, దెబ్బతిన్నాయి.

చాక్‌పీసు గీత గీశాక, గ్రైండరు పెట్టకముందే ఫోటో పంపు. ఎన్ని పొరలు కావాలో చెబుతాను.

మామయ్య