అమ్మడూ, మందలోకి వెళ్లేముందు

అమ్మడూ,

గరివిడి పశువైద్య కాలేజీలో పీజీ పనికి గొర్రెల నీలి నాలుక రోగాన్నే తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఈ వానాకాలమంతా మందల వెంట తిరిగి రక్తం తీస్తావట, రాత్రిళ్లు దొడ్లలో దోమల్ని పట్టే లైటు ట్రాపులు కడతావట. వాడు గొప్పగా చెబుతుంటే నాకూ గర్వంగానే ఉంది గానీ, ఆ "రాత్రిళ్లు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. భాద్రపదంలో నాగావళి ఒడ్డు దారులు ఎలా ఉంటాయో నీకు తెలీదు. ఈ రోగాన్ని మోసే నుసి దోమ పొద్దు గూకాకే లేస్తుందని, ట్రాపు తెల్లవార్లూ వెలగాలని నాకూ తెలుసు. వెలుగుండగానే కట్టేసి వచ్చెయ్, తెల్లారాక తెచ్చుకో. నువ్వు కాపలా కూర్చుంటే ఒక్క దోమ కూడా ఎక్కువ పడదు.

థర్మామీటరు, గ్లౌజులు, జీవానికో కొత్త సూది. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

పేరు చూసి నాలుక నీలంగా ఉందా అని వెతకకు, అది అన్నిట్లోనూ కనబడదు. 105, 106 డిగ్రీల జ్వరం, మూతీ పెదాలూ వాచడం, చొంగ, ముక్కు కారడం, గిట్ట పైన చర్మం కలిసే చోట ఎర్రటి పట్టీ, కుంటు. సూడి గొర్రెలు ఈసుకుపోవచ్చు. నోట్లో పుండ్లు చూసి గాలికుంటు అనీ, పారుడు రోగం అనీ తేల్చేసేవాళ్లు ఎక్కువ. నువ్వు ల్యాబ్ మాట వచ్చేదాకా నోరు విప్పకు.

ఎందుకంటే, నాతో పనిచేసిన ఒకాయన సంగతి చెప్పాలి. చెయ్యి చాలా మంచిది, మెడ నరం మొదటి పోటుకే దొరికేది. బూర్జ వైపు మూడు మందల్లో మూతులు వాచాయంటే వెళ్లి రక్తం తీశాడు. గొట్టాలకి కాగితం ముక్కలు అతికించి, సిరా పెన్నుతో నంబర్లు రాసి, ఐసులో గుచ్చి బస్సులో పంపాడు. దారిలో ఐసు కరిగింది, కాగితాలు ఊడాయి, సిరా కడుక్కుపోయింది. కొన్ని గొట్టాల్లో వైరస్ ఉందని ల్యాబ్ వాళ్లు చెప్పారు. ఏ మందవి? చెప్పేవాళ్లు లేరు. ఈయన తొందరపడి మూడు మందలకీ రోగమే అనేశాడు. ఆ మాట సంతకి పాకింది, వ్యాపారులు ధర కోసేశారు. రోగం లేని మందవాడు కూడా మునిగాడు. మళ్లీ రక్తం తీద్దామని వెళ్తే ఒక మంద మేత వెతుక్కుంటూ ఎటో వెళ్లిపోయింది. ఇంకో కాపరి సూది చూడగానే కర్ర ఎత్తాడు. "మొన్న తీసింది ఏం చేశారు బాబూ?" అన్నాడు. పక్కనే ఉన్న నేను కూడా తలొంచుకున్నాను. ఆ ఊళ్లో మళ్లీ ఒక గొర్రెని పట్టుకోనిచ్చేసరికి చాలా కాలం పట్టింది.

కాబట్టి గొట్టం మీదే చెరగని మార్కరుతో రాయి. అదే నంబరు నోటుబుక్కులో రాసి, జీవం గుర్తు, ఎవరి మంద, జ్వరం ఎప్పుడు మొదలైంది, టీకా వేశారా, అన్నీ పక్కన ఉండాలి. టీకా పడిన గొర్రెలో కూడా ఎలీసా పరీక్షకి యాంటీబాడీలు దొరుకుతాయి. ఆ సంగతి రాయకపోతే లేని రోగం ఉన్నట్టు కనబడుతుంది. వైరస్‌నే వెతికే పీసీఆర్‌ పరీక్షకి, రక్తం పేరుకోనివ్వని ఇ.డి.టి.ఎ. గొట్టంలో రక్తం, జ్వరం మీదున్నప్పుడే తియ్యి. ఎలీసాకి సీరం, అదే రక్తం పేరుకున్నాక పైన తేరే నీరు, వేరే గొట్టంలో. రక్తాన్ని చల్లగా ఉంచు గానీ ఐసులా గడ్డకట్టనివ్వకు, ఐసుకి ఆనకుండా కాగితం చుట్టు.

మేకలు బాగానే ఉన్నాయని వదిలెయ్యకు. మేకకి రోగం పైకి కనబడకపోవచ్చు, ఆవులు అయితే ఏమీ లేనట్టు నెమరేస్తూనే వారాల తరబడి వైరస్‌ని రక్తంలో మోస్తాయి. దొడ్డి పక్కన కట్టిన ఆవుల్లో కూడా కొన్నిటి రక్తం తియ్యి, పేడకుప్ప దగ్గర ఒక ట్రాపు కట్టు. కాపరి కసురుకుంటే ఎదురు చెప్పకు. అతని ఇంటి డబ్బంతా ఆ గొర్రెల మందలోనే ఉంది. ఈ రోగం మనుషులకి అంటదని ముందే చెప్పు, సగం భయం తగ్గుతుంది. రిపోర్టు రాగానే అతనికే ముందు చెప్పు, సంతలో వినకూడదు.

నా పాత ఐసుపెట్టె మూత ఇంకా గట్టిగానే ఉంది. ఆదివారం వస్తే తీసుకుపో. టార్చిలైటు కూడా కొన్నాను, వద్దనకు.

పెదనాన్న