కొద్దిమంది వాడే సిస్టమ్ గురించి పెదనాన్న ఉత్తరం

తిరుపతి.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని, చిత్తూరులో మీ ఇంట ఉన్న పాత లాప్‌టాప్ విండోస్ 11కి సరిపోదని, అందులో విండోస్‌కు బదులు హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తానంటే “ఎవరూ వాడనిది నీకెందుకు” అని నాన్న అన్నాడని రాశావు.

వాడేవారి తల లెక్క ఒక్కటే పెట్టుకుంటే నాన్న మాటే నిజం. అయితే మనం ఫోన్లలో తెలుగు రాసుకునే యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే) పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించినది బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధనశాల వారి ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ కోసం; ఆ సిస్టమ్‌ను వాడినవారు అప్పుడూ కొద్దిమందే, ఇప్పుడూ కొద్దిమందే. (హోటల్లో భోజనం చేస్తూ బల్ల మీది కాగితంపై దాని నమూనా గీశారట.) ఇంగ్లీషు అక్షరం ఎప్పటిలాగే ఒక బైటులో ఒదుగుతుంది, తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, పాత ఫైళ్లు చెడవు. వాడుకరులు తక్కువ కాబట్టే వారు కొద్దిరోజుల్లో సిస్టమ్ మొత్తాన్ని కొత్త పద్ధతికి మార్చగలిగారు. కోట్లమంది పాత ఫైళ్లకు, ప్రోగ్రాములకు పూచీ పడిన విండోస్‌కు అంత వీలు ఎక్కడిది? సర్వర్లలోకి భద్రంగా ప్రవేశించడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కూడా 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే, కొద్దిమంది వాడే మరో సిస్టమ్ వారి చేతిలో పుట్టి, చివరకు విండోస్‌లోకే చేరింది.

హైకూ సంగతికి వస్తే, బీఓఎస్ అనే పాత సిస్టమ్‌ను తయారుచేసిన కంపెనీ ఆస్తులు 2001లో పామ్ అనే మరో కంపెనీ చేతికి పోయాక, అభిమానులు ఆ సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి రాయడానికి పూనుకున్నారు; అదే హైకూ. తొలి బీటా (పరీక్ష కోసం విడుదల చేసే వెర్షన్) 2018లో గాని రాలేదు. నువ్వు ముందుగా చూడవలసినది అందులోని మెయిల్ ఏర్పాటు. ప్రతి మెయిలూ ఒక విడి ఫైలు. పంపినవారి పేరు, విషయం, తేదీ ఆ ఫైలుకే గుణాలుగా అంటిపెట్టుకుని ఉంటాయి కనుక, ఫలానావారు పంపినవన్నీ చూపమని నేరుగా ఫైల్ సిస్టమ్‌నే అడగవచ్చు. విండోస్ ఒక్కటే ఎరిగినవారికి ఇలాంటి ఏర్పాటు ఒకటి సాధ్యమన్న ఊహ కూడా రాదు, నా దృష్టిలో చదువుకునే పిల్లకు దక్కే అసలు లాభం అదే.

ఇక పని. ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి ఎక్కించే వరకు లాప్‌టాప్‌లో ఏదీ చెరపవద్దు. మొదట పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, శబ్దం పనిచేస్తున్నాయో లేదో చూడు. “స్త్రీ”, “రాష్ట్రం” అన్న మాటలు తెరిచి ఒత్తులు సరిగా పడుతున్నాయో గమనించు. బ్యాంకు పనులు, కాలేజీ ఫీజులు ఇందులో పెట్టుకోవద్దు. లోపం కనిపిస్తే ఏ వెర్షన్‌లో, ఏమి చేసినప్పుడు, ఏమి జరిగిందో వివరంగా రాసి ఆ ప్రాజెక్టు వారికి పంపు. వైఫై అసలు పట్టకపోతే పట్టుదలకు పోకుండా లాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ వేసుకుని, హైకూను దానిపై, ఒక సిస్టమ్ లోపలే మరొకటి నడిపే వర్చువల్ మెషీన్‌లో నడుపుకో.

ఇట్లు,
పెదనాన్న