పాతిక సెంట్ల టన్నెల్‌లో నాలుగు వేల టమాటా మొక్కలా?

ప్రశ్న: సార్, మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇన్నాళ్ళూ బయట పొలంలోనే కట్టెలు పాతి టమాటా పెట్టేవాణ్ణి. ఈసారి పాతిక సెంట్లలో పైపులు వంచి ప్లాస్టిక్ కప్పిన టన్నెల్ వేసి, మూడడుగుల బెడ్ మీద రెండు సాళ్ళు, మొక్కకూ మొక్కకూ అడుగు దూరంలో నాటాను. నాలుగు వేల మొక్కలు పట్టాయి. యాభై అయిదు రోజులైంది. చెట్టు గుబురుగా పెరిగింది కానీ పూత రాలుతోంది, కాయ సైజు రావడం లేదు. కింది ఆకుల మీద పసుపు మచ్చలు, తిప్పి చూస్తే బూజులాగా ఉంది. ఆకు సందుల్లోంచి వచ్చే పిలకలు గిల్లాలని ఒకరు, గిల్లితే దిగుబడి పోతుందని ఇంకొకరు అంటున్నారు. ఒక సాలు గిల్లించి చూస్తే కాయలు తెల్లగా పొక్కిపోయాయి. ఇప్పుడేం చేయాలి? వచ్చే పంటకు ఎంత దూరం పెట్టాలి? గిల్లిన పిలకలను నారుగా వాడుకోవచ్చా?

జవాబు: ఫొటోలు చూశానన్నా. మూడో ఫొటోలో రెండు బెడ్ల మధ్య దారి ఎక్కడుందో కాసేపు వెతుక్కున్నాను, అంతా ఆకే. ఆకు అంత పచ్చగా ఉంటే పంట బాగుందని మనకు ధైర్యంగానే ఉంటుంది కానీ మీ టన్నెల్‌లో మొక్క తిండంతా ఆ ఆకుకే సరిపోతోంది, కాయ దాకా రావడం లేదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. పాతిక సెంట్లంటే సుమారు 1,000 చదరపు మీటర్లు. గుమ్మం దగ్గర ఖాళీ, చివర్లు, అంచులు తీసేస్తే మొక్కలు నిలబడింది 900 చదరపు మీటర్లలో అనుకుందాం. అందులో 4,000 అంటే చదరపు మీటరుకు దాదాపు నాలుగున్నర మొక్కలు. అంతటితో ఆగినా ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ మీరు వదిలేసిన పక్క పిలకలు ఒక్కో మొక్కకు మూడో నాలుగో లావెక్కి పైకొచ్చాయి కదా, వెలుతురు దగ్గర అవన్నీ ఒక్కో మొక్కతో సమానం. అలా చూస్తే మీటరుకు పదిహేను పైనే ఉన్నట్టు. టన్నెల్‌లో టమాటాకు చదరపు మీటరుకు మూడు కాండాలు హాయిగా ఉంటాయి, మూడున్నర దాకా లాగొచ్చు. మేం కూడా దూరం అడిగితే మొక్కకూ మొక్కకూ ఇన్ని సెంటీమీటర్లని చెప్పి ఊరుకుంటాం, అది మా వైపు పొరపాటే. మొక్కలు ఎన్ని నాటారన్న దానికన్నా పైకి ఎన్ని కాండాలు ఎక్కుతున్నాయన్నదే అసలు సంగతి.

ఇక గిల్లాలా వద్దా అన్న గొడవ. మీకు సలహా చెప్పిన ఇద్దరూ తప్పు చెప్పలేదు, ఇద్దరూ వేరే వేరే రకాల గురించి మాట్లాడుతున్నారు అంతే. టమాటాలో గుబురుగా పెరిగి ఒక ఎత్తుకు ఆగిపోయే రకాలున్నాయి, పీకేఎం-1 లాంటివి. వీటిలో కొమ్మ చివర పూగుత్తి వచ్చి ఆ కొమ్మ అక్కడితో ఆగుతుంది, కాబట్టి కాపంతా పక్క కొమ్మల మీదే. వాటిని గిల్లితే కాపును చేతులారా తెంపుకున్నట్టే. మరీ అయితే మొదటి పూగుత్తి కింద ఒక్క పిలకను వదిలి, దాని కిందివి తీస్తే చాలు. రెండోవి తీగలా పెరుగుతూనే ఉండేవి, పూసా రూబీ అలాంటిదే. టన్నెళ్ళకనీ పాలీహౌస్‌లకనీ అమ్మే హైబ్రిడ్లు ఎక్కువగా ఈ జాతే. వీటిని గిల్లకపోతే మీ ఫొటోలో ఉన్నట్టే అవుతుంది. అర్కా రక్షక్ లాంటివి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి, వాటికి రెండు కాండాలు వదలడం మేలు. ప్యాకెట్ పోయిందనుకోండి, మొక్కే చెబుతుంది. గుత్తికీ గుత్తికీ మధ్య మూడేసి ఆకులు క్రమంగా వస్తుంటే తీగ రకం, ఒకటో రెండో ఆకులకే గుత్తి వచ్చి చివర కూడా గుత్తితోనే ఆగిపోతే గుబురు రకం. మీ ఫొటోలో నేను లెక్కపెట్టిన రెండు మొక్కల్లోనూ మూడేసి ఉన్నాయి. మీరు గిల్లాల్సిందే.

బయట పొలంలో ఇన్నేళ్ళు ఇవేవీ లేకుండానే పండించాను కదా అని మీకు అనిపిస్తుంది. నిజమే. బయట నాలుగు వైపుల నుంచీ గాలి కొడుతుంది, మంచు తొమ్మిదింటికల్లా ఆరిపోతుంది, పక్క నుంచి కూడా ఎండ తగులుతుంది. ప్లాస్టిక్ కింద అవేవీ ఉండవు. కింది ఆకు మీద పసుపు మచ్చ, తిప్పితే ముదురాకుపచ్చ మఖమల్ లాంటి బూజు, అది ఆకు బూజు తెగులు, గాల్లో తేమ 85 శాతం దాటి గంటల తరబడి నిలిస్తే వస్తుంది. దానికి మందు అడుగుతారని తెలుసు, మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ప్యాకెట్ మీద ఉంటుంది, అది పాటించండి. కానీ ఆ గుబురులో మందు లోపలికి పోదన్నా. ముందు గాలి ఆడేలా చేసి, తర్వాత కొట్టండి. పొద్దున ఎండ రాగానే పక్క తెరలు ఎత్తేయండి, డ్రిప్ పొద్దున పూటే వదలండి, సాయంత్రం నీళ్ళు మానేయండి.

మీరు గిల్లించిన సాలు సంగతి చూద్దాం. నాలుగో ఫొటోలో ఆ మొక్కలకు పైన జుట్టులా కాస్త ఆకు తప్ప ఏమీ లేదు. కూలీలు ఒక్క రోజులోనే పిలకలతో పాటు ఆకులు కూడా ఊడబెరికినట్టున్నారు. ఇన్నాళ్ళూ నీడలో పెరిగిన కాయకు ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండ తగిలింది, ఎండ వైపు తెల్లగా పొక్కింది. గిల్లడం వల్ల వచ్చిన నష్టం కాదిది, తొందర వల్ల వచ్చింది. పొక్కిన కాయలు తెంపేయండి, మళ్ళీ బాగుపడవు, మొక్క బలం తింటూ ఉంటాయి. ఇంకోటి, వరుసలో చివరి మూడు మొక్కలకు నెత్తి చిగురే పోయింది. పర్వాలేదు, అన్నిటికన్నా పైనున్న పిలకను వదిలితే అదే నాయకుడై పైకి పోతుంది, వారం పది రోజులు వెనకబడుతుంది, అంతే.

మిగతా సాళ్ళకు మూడు వారాలు పెట్టుకోండి. మొదటి వారం కింది నుంచి మొదటి గుత్తి దాకా ఉన్న పిలకలు, మట్టికి తగిలే ఆకులు. రెండో వారం నడుమ, మూడో వారం పైన. పిలకంటే ఆకు కాడకూ కాండానికీ మధ్య సందులోంచి వచ్చేది. కాండం నుంచి నేరుగా, కింద ఆకు లేకుండా వస్తే అది పూగుత్తి, దాన్ని ముట్టుకోకూడదు. కొత్త కూలీలకు ఈ ఒక్కటీ ఒక మొక్క దగ్గర నిలబడి చూపించండి, పది నిమిషాలు పోయినా నష్టం లేదు. రెండంగుళాల లోపు పిలక అయితే బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని పక్కకు వంచితే టక్కున విరుగుతుంది, గాయం మధ్యాహ్నానికి ఎండిపోతుంది. పెన్సిల్ కన్నా లావైతే చేత్తో లాగొద్దు, కాండం తోలు చీలుకుంటూ వచ్చేస్తుంది, కత్తెరతో కోయండి. మీ దగ్గర కొన్ని పిలకలు ఇప్పటికే కాయ పట్టి ఉన్నాయి, వాటిని చూసి చేయి రాదు, నాకు తెలుసు. ఆ కొమ్మకు కాయ గుత్తి పైన రెండు ఆకులు వదిలి కొస తుంచేయండి. కాయ తయారయ్యాక కొమ్మ మొత్తం కోసేయొచ్చు. ఇది పొద్దున మంచు ఆరిన తర్వాత చేసే పని, ముసురు పట్టిన రోజు, ఆకు తడిగా ఉన్నప్పుడు టన్నెల్‌లోకి కూలీలను పంపొద్దు.

బీడీ తాగి, ఖైనీ నలిపి అదే చేత్తో పిలకలు గిల్లితే పొగాకులోని మొజాయిక్ వైరస్ టమాటాకు అంటుకోవచ్చు. సబ్బుతో చేతులు కడిగి లోపలికి రమ్మనండి. కత్తెరను ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం, తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపిన డబ్బాలో సాలుకొకసారి ముంచండి, అనుమానంగా ఉన్న మొక్కను కోస్తే వెంటనే ముంచండి. వడలినవి, ముడత పడ్డవి చివర్లో ముట్టుకోవాలి, బాగున్న మొక్కలు ముందు. గిల్లిన చెత్తను మాత్రం దారిలో కుప్ప పోసి వదలొద్దు. టూటా పురుగు మన దేశానికి 2014లో వచ్చింది, అది టమాటా ఆకు పొరల్లో దూరి, కాయను కూడా తొలిచి బతుకుతుంది, చెత్తలోంచి లేచి మళ్ళీ మొక్క మీదికే వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో నాలుగైదు రోజులు ఉడకనివ్వండి.

నాలుగు వేల మొక్కల్లో కొన్నిటిని పీకేయాలా అంటే, నా మాట అవుననే. ముడత వచ్చినవీ బక్కవీ ఎలాగూ పోవాలి, వాటి ఖాళీలో మళ్ళీ నాటొద్దు. ఆ తర్వాత కూడా మూడు మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న చోట మధ్యదాన్ని తీసేస్తే మిగతా రెండూ దాని కాపు కూడా కాస్తాయి. కాయలున్న మొక్కను పీకడానికి మనసొప్పకపోతే వదిలేయండి, కానీ అప్పుడు ఒక్కో మొక్కకు ఒక్కటే కాండం ఉండాలి.

ఆకులు తీయడం వేరే పని, దీన్ని పిలకలతో కలపొద్దు. కోతకొచ్చిన గుత్తి కింద ఉన్న ఆకులు వారానికి రెండు మూడుకు మించకుండా తీయండి, పైన 15 ఆకులకు తగ్గకూడదు. ఎండాకాలంలో ఇంకా చూసి చూసి తీయాలి. మదనపల్లె 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి బయట చల్లగా అనిపించినా, ఏప్రిల్‌లో మీ ప్లాస్టిక్ కింద మధ్యాహ్నం నిలబడి చూడండి, సంగతి తెలుస్తుంది.

పూత రాలడానికి గుబురు ఒక్కటే కారణం అనుకోను. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి వేడి తగ్గకపోయినా పుప్పొడి పని చేయదు. దాంతో పాటు లోపల గాలి లేదు. టమాటా పువ్వు తన పుప్పొడితోనే కట్టుకుంటుంది కానీ దాన్ని ఎవరో ఒకరు కదపాలి, బయట ఆ పని గాలి చేస్తుంది. మీరు పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య పై తీగను కర్రతో మెల్లగా తట్టుకుంటూ పోండి, రోజు మార్చి రోజు చాలు. పిల్లలకు చెప్పినా సరదాగా చేస్తారు. ఇక చెట్టు అంత నల్లపచ్చగా ఉందంటే యూరియా బాగానే పడిందన్నమాట, దాన్ని ప్రస్తుతానికి ఆపేసి పొటాష్ వైపు రండి. ఒక్క కాండం మీద పెంచే మొక్కకు నీళ్ళు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అయితే కాయ అడుగు నల్లబడుతుంది, పగుళ్ళూ వస్తాయి, కాబట్టి రోజూ కొద్దికొద్దిగా సమానంగా ఇవ్వండి.

వచ్చే పంటకు మీ బెడ్లు మార్చక్కర్లేదు. బెడ్ నడుమ నుంచి పక్క బెడ్ నడుమకు అయిదడుగులున్నాయి, సరిపోతుంది. సాలుకూ సాలుకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర, ఎదురెదురుగా కాకుండా జిగ్‌జాగ్‌గా నాటండి. ఒక్క కాండం మీద పెంచేట్టయితే 2,600 మొక్కలు పడతాయి. హైబ్రిడ్ విత్తనం ధర చూసి తక్కువ నారుతో సరిపెట్టుకోవాలనుకుంటే రెండు కాండాలు వదలొచ్చు. మొదటి పూగుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలకే అన్నిటికన్నా బలమైంది, దాన్నే రెండో కాండంగా ఉంచి, రెండిటినీ వీ ఆకారంలో చెరో తీగకు ఎక్కించాలి. కానీ అప్పుడు మొక్కకూ మొక్కకూ దూరం రెండున్నర అడుగులు ఉండాలి, సుమారు 1,550 మొక్కలు. అడుగున్నరకే నాటి రెండు కాండాలు వదిలితే మళ్ళీ ఈ ఉత్తరమే రాస్తారు నాకు. మొదటి కాపు నాలుగు రోజులు ముందు మార్కెట్‌కు రావాలంటే ఒక్క కాండమే మేలు, ఎండాకాలం పంటకు రెండు కాండాలు ఉంటే కాయకు నీడ ఉంటుంది.

ఊత దారాలు మాత్రం ఆ వంచిన పైపులకు కట్టొద్దన్నా. మొక్క మీద ఒకే సమయంలో రెండు మూడు కిలోల కాయ వేలాడుతుంది, 2,600 మొక్కలంటే అయిదు నుంచి ఎనిమిది టన్నులు. గాలివాన వచ్చిన రోజు పైపులు ఆ బరువుతో పాటే కూర్చుంటాయి. విడిగా గట్టి కట్టెలు పాతి, వాటి మీద తీగ లాగి దారాలు వేలాడదీయండి. దారం మొక్క మొదట్లో వదులుగా ముడేసి, కాండం చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. అంచు బెడ్ల దగ్గర మీ టన్నెల్ ఎత్తు తక్కువ, చిగురు ప్లాస్టిక్‌కు తగిలి మాడిపోతుంది, అక్కడ టమాటా మానేసి కొత్తిమీరో మెంతికూరో వేసుకోండి. పంట ఎప్పుడు తీసేయాలనుకుంటున్నారో ఆ తేదీకి ఆరేడు వారాల ముందు ప్రతి మొక్కకూ చివరి గుత్తి పైన రెండు ఆకులుంచి నెత్తి తుంచేయండి, ఆ తర్వాత పూసిన పువ్వు కాయై పండేంత సమయం ఉండదు.

పిలకలతో నారు వస్తుంది. నాలుగైదు అంగుళాల పిలకకు కింది ఆకులు తీసి తడి కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) గుచ్చి నీడన పెడితే వారం, పది రోజుల్లో వేళ్ళొస్తాయి, తల్లి మొక్క గుణమే దిగుతుంది కాబట్టి హైబ్రిడ్ అయినా మారదు. అయితే తల్లికి ఉన్న వైరస్ కూడా అలాగే దిగుతుంది, మీ టన్నెల్‌లో ముడత మొక్కలు కనిపిస్తున్నాయి, ఆ ముడత వైరస్‌ను మోసే తెల్లదోమ వాటి మీద నుంచి వీటి మీదికి తిరిగే ఉంటుంది. అందుకని వచ్చే పంటంతా వీటితో వేయొద్దు. బాగున్న సాలు నుంచి ఒక ట్రే నిండా పెట్టి చూడండి, రెండు వారాలకు చిగురు ముడవకుండా సాఫుగా వస్తే వాటిని టన్నెల్ బయట పెరట్లో నాటుకుని ఇంటికి వాడుకోవచ్చు.