ఇంజన్ విప్పని అబ్బాయి మెకానిక్ అవుతాడా?

ప్రశ్న: మా అబ్బాయి డీజిల్ మెకానిక్ కోర్సులో చేరతానంటున్నాడు. మా పాత ట్రాక్టరులో ఇంజన్ వేడెక్కగానే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది. బాగుచేస్తానని కూర్చున్నాడు గానీ ఇంజన్ విప్పలేదు. ఏవో అంకెలు రాసుకుంటున్నాడు. వీడికి ఈ పని అబ్బుతుందా?

జవాబు: ఆ అంకెలేమిటో చూడండి. చల్లగా ఉన్నప్పుడెంత, వేడెక్కాక ఎంత, స్లోలో ఎంత, రేజ్ చేస్తే ఎంత అని రాసుకుంటుంటే నిశ్చింతగా చేర్పించండి. ప్రెషర్ తగ్గింది అనగానే ఇంజన్ దించేవాళ్లకు కొదవలేదు. తీరా విప్పాక, పాడైంది ముల్లుకు రీడింగు పంపే ప్రెషర్ సెన్సారని తేలిన సందర్భాలున్నాయి. అందుకే సెన్సార్ తీసి, అక్కడ విడి మెకానికల్ గేజ్ బిగించి చూడడం మొదటి పని.

గేజ్ కూడా తక్కువే చూపిస్తే ఆయిల్ సంగతి చూడాలి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపులోని పొర (డయాఫ్రమ్) చిరిగిందేమో, సిలిండర్లకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు సీలు పోయిందేమో అనుమానించాలి. డీజిల్ కలిస్తే ఆయిల్ పలచబడుతుంది, ప్రెషర్ నిలవదు. ఆయిల్ బాగానే ఉంటే, ప్రెషర్ మరీ పెరగకుండా ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ చూడాలి. దాని కింద చిన్న చెత్త ఇరుక్కున్నా, స్ప్రింగ్ మెత్తబడినా ఆయిల్ తిరిగి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అంటే సంప్‌లోకి పోతుంది. తర్వాత సంప్‌లోని జాలీ, ఆయిల్ పంపు.

అసలు పంపు పంపేది ఆయిల్‌ని, ప్రెషర్‌ని కాదు. బేరింగుల సన్నని సందుల్లో దూరడానికి ఆయిల్ పడే ఇబ్బందే ప్రెషర్. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేజ్ చేస్తే కొంత లేస్తుంటే క్రాంక్ షాఫ్టును మోసే మెయిన్ బేరింగులు, దానికి కనెక్టింగ్ రాడ్లను కలిపే బిగ్ ఎండ్ బేరింగులు అరిగి సందులు పెరిగాయేమో చూడాలి. పంపు అరిగినా ఇలాగే ఉంటుంది కాబట్టి కొలవకుండా తీర్పు చెప్పకూడదు. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. పాత బండి అమ్మేవాళ్ల చిట్కా అది!

ఒక హెచ్చరిక. లోపల టకటకమని కొట్టుకుంటున్నా, రేజ్ చేసినా ముల్లు లేవకపోయినా ఇంజన్ వెంటనే ఆపించండి. రీడింగుల కోసం నడిపితే క్రాంక్ పోతుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి, వర్క్‌షాపు చూడండి. అరుగుదల కొలిచే మైక్రోమీటరు, బోర్ గేజ్ బీరువాలో ఉన్నాయా, విద్యార్థుల చేతుల్లో ఉన్నాయా గమనించండి. కొత్త ట్రాక్టర్లలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వస్తోంది, కాబట్టి మల్టీమీటరుతో వైరింగ్ పరీక్షించడం, ఇంజన్ కంప్యూటర్ చూపే లోపాలు చదివే స్కానర్ చూడడం కూడా నేర్పుతారా అని అడగండి. అడగడానికి మీ అబ్బాయినే ముందుకు పంపండి.