ఆకుపచ్చ ఫండ్‌లో డబ్బు పెట్టే ముందు

చి. అమ్మలుకి, బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఈఎస్‌జీ ఫండ్ బ్రోషర్ చూశాను, అదే, పర్యావరణం, సమాజం, యాజమాన్యం తీరు చూసి షేర్లు ఎంచుకుంటామనే మ్యూచువల్ ఫండ్‌ది. అట్ట మీద గాలిమరలు, లోపల మొక్క పట్టుకున్న చేతులు. రాబడి పట్టిక మాత్రం చివరి పేజీలో చీమల అక్షరాల్లో! అందులో సిప్ (నెలనెలా వాయిదా) కట్టొద్దని అనను. కాకపోతే ఆడిట్‌లో తల నెరిసినవాణ్ణి కదా, కాగితాలు చూడకుండా సరేనని కూడా అనలేను.

ముందు ఆ ఫండ్ నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టే పోర్ట్‌ఫోలియో తెరువు. అందులో మొదటి పది కంపెనీలు రాసుకుని, పక్కనే మీ నాన్న కడుతున్న నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోని మొదటి పదీ రాయి. కొన్ని బ్యాంకులు, ఐటీ కంపెనీలు రెండు చోట్లా కనిపిస్తే ఆశ్చర్యపోకు. బ్యాంకుకు పొగగొట్టం ఉండదు కాబట్టి దాని సొంత కాలుష్యం తక్కువే. అది అప్పిచ్చిన థర్మల్ ప్లాంటు పొగ సాధారణంగా ఆ లెక్కలోకి ఎక్కదు. అవే షేర్లకు ఎక్కువ ఖర్చు వసూలు చేస్తుంటే ఆ తేడా దేనికో నువ్వే అడగాలి.

కంపెనీలకిచ్చే ఈఎస్‌జీ రేటింగులు కూడా కాస్త తిరకాసే. పర్యావరణం, ఉద్యోగుల సంగతి, యాజమాన్యం తీరు, మూడింటినీ కలిపి ఒకే మార్కు వేస్తారు. పోలికేమో ఏ రంగానికి ఆ రంగంలోనే. 2022 మేలో అమెరికా షేర్ల ఎస్ అండ్ పీ 500 ఈఎస్‌జీ సూచీ నుంచి ఎలక్ట్రిక్ కార్ల టెస్లాను తీసేశారు, చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్ మాత్రం అందులోనే ఉంది. లెక్క వాళ్ల నిబంధనల ప్రకారమే జరిగింది. అయితే సూచీ పేరు చూసి మనం ఊహించుకునేది అది కాదుగా.

జర్మనీలోని డాయిష్ బ్యాంక్‌కు చెందిన ఫండ్ కంపెనీ డీడబ్ల్యూఎస్ కథ తెలుసుకో. 2023 సెప్టెంబరులో అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ ఈఎస్‌జీ విషయంలోనే దానికి 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2025లో జర్మనీలో ఇంకో 2.5 కోట్ల యూరోలు. అమెరికా కేసులో అసలు తప్పేమిటంటే, పెట్టుబడి నిర్ణయాల్లో ఈఎస్‌జీని ఇలా పాటిస్తామని చెప్పుకున్న పద్ధతిని లోపల సరిగ్గా అమలు చేయలేదు. అందుకే స్కీమ్ డాక్యుమెంట్‌లో 'ఎలా ఎంచుకుంటాం' అన్న భాగం చదువు. మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఈఎస్‌జీ ఫండ్ తన వ్యూహమేమిటో స్పష్టంగా చెప్పాలి, కనీసం 80 శాతం డబ్బు ఆ వ్యూహం ప్రకారమే పెట్టాలి. 'పరిగణనలోకి తీసుకుంటాం', 'దృష్టి పెడతాం' లాంటి మాటలే నిండా ఉంటే పక్కన పెట్టెయ్. 'ఫలానా రంగంలో పెట్టం' అని గీత గీసి చెప్పినవాళ్లనైతే నిలదీయొచ్చు.

కంపెనీల లెక్కలు కూడా ఒకసారి చూడు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక (పర్యావరణం, సమాజం పట్ల బాధ్యతల లెక్క) ఇవ్వాల్సిందే. అందులో కర్బన ఉద్గారాలను మొత్తం టన్నుల్లోనూ, టర్నోవర్‌లో రూపాయికి ఇంత అనీ చూపిస్తారు. ప్రకటనల్లోకి ఎక్కేది సాధారణంగా రెండోదే. టర్నోవర్ రెట్టింపై, పొగ ఒకటిన్నర రెట్లు అయిందనుకో. 'కాలుష్య తీవ్రత 25 శాతం తగ్గించాం' అని హోర్డింగ్ పెట్టొచ్చు. అబద్ధం కాదు, కానీ ఆకాశంలోకి పోయిన పొగ పెరిగింది. ధరలు పెంచినా ఆ అంకె దిగుతుంది! కాబట్టి మొత్తం టన్నుల వరసనే మూడేళ్లకు చూడు. స్కోప్ 3, అంటే కంపెనీ గేటు బయట సరఫరాదారులు, కొనుగోలుదారుల వల్ల వచ్చే ఉద్గారాల లెక్క, ఇచ్చారో లేదో కూడా చూడు. కార్ల కంపెనీ అయితే కొన్నవాళ్లు కాల్చే పెట్రోలు లెక్క అందులోనే ఉంటుంది. ఆ నివేదికలో అది ఐచ్ఛికం కాబట్టి చాలామంది దాటేస్తారు.

'నెట్ జీరో 2050', అంటే 2050కల్లా వదిలే కర్బనం, తొలగించే కర్బనం సమానం చేస్తామనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అప్పటికి ఇప్పటి ఎండీ ఎవరూ ఆ కుర్చీలో ఉండరు. 2030కి ఎన్ని టన్నులో చెప్పమను.

అనుమానాలన్నీ ఫండ్ వాళ్లకు మెయిల్ పెట్టు. సరైన జవాబు రాకపోతే ఫిర్యాదుకు సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది. సబ్బులు, సంచుల మీద రాసే 'ఎకో ఫ్రెండ్లీ' సంగతైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. అలాంటి ప్రకటనలకు ఆధారం చూపాలని 2024లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

వాళ్ల జవాబు వస్తే నాకూ ఫార్వర్డ్ చెయ్. ఈలోగా ఆటో డెబిట్‌కు మాత్రం ఓకే కొట్టకు.

మీ బాబాయ్