నారింజ రసం లెక్క

ప్రశ్న: 1983 నాటి హాలీవుడ్ సినిమా 'ట్రేడింగ్ ప్లేసెస్' ఈమధ్యే చూశాను. బాగా నవ్వుకున్నాను కానీ చివర్లో ఆ మార్కెట్ గోల బోధపడలేదు. చేతిలో సరుకే లేనివాళ్లు ముందు అమ్మేసి, తర్వాత కొనడమేమిటి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ ఊరి పసుపుకీ ఇలాంటి ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) వ్యాపారం ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో ఉందమ్మా, కాబట్టి ఇది మీకు మరీ దూరపు విషయం కాదు. న్యూయార్క్‌లోని ఆ హాల్లో ఎవరి దగ్గరా ఒక్క నారింజపండు కూడా లేదు. ఏప్రిల్‌లో ఫలానా ధరకి గడ్డకట్టిన నారింజ రసం ఇస్తానని ఒకరు, తీసుకుంటానని ఇంకొకరు మాట ఇచ్చుకుంటారు. ఇస్తానన్నవాడు గడువులోగా అంతే సరుకు కొనేస్తే చెల్లుకు చెల్లు. మిగిలిన తేడానే లాభం, లేదా నష్టం.

కథలో కోటీశ్వరులైన డ్యూక్ సోదరులు పంట మీద ప్రభుత్వ నివేదికని బయటికి రాకముందే దొంగిలించబోయారు. వాళ్ల చేతిలో దెబ్బతిన్న లూయీ, బిల్లీ రే దాన్ని మార్చేయడంతో వాళ్ల చేతికి చేరింది దొంగ నివేదిక. చలికి పంట దెబ్బతిందని అందులో ఉంది. వాళ్ల మనిషి కొంటూనే పోయాడు. అది చూసి మిగతావాళ్లూ ఎగబడ్డారు. మా నాన్నగారు యార్డులో అడ్తి దుకాణం లెక్కలు రాసేవారు. పెద్ద సేటు ఒక కుప్ప దగ్గర ఆగితే చాలు, పసుపు కొమ్ము విరిచి చూడకుండానే పక్కవాళ్లు రేటు పెంచేసేవారని చెప్పేవారు. సరిగ్గా అదే ఇక్కడా జరిగింది. ధర పౌనుకి 1 డాలర్ 42 సెంట్లకు ఎక్కగానే లూయీ, బిల్లీ రే అమ్మడం మొదలుపెట్టారు. ఇంతలో టీవీలో అసలు నివేదిక: పంటకేమీ కాలేదు! ధర 29 సెంట్లకు జారింది. కాంట్రాక్టు అంటే 15,000 పౌన్లు. పై ధరకి అమ్మి అడుగున కొంటే ఒక్కోదానికి 16,950 డాలర్లు మిగులుతాయి. డ్యూక్‌ల మీద పడిన బాకీ 39.4 కోట్ల డాలర్లు.

ఈ లెక్క కన్నా నన్ను పట్టుకున్నది వేరే ఉంది. ఆ రోజు పెట్టుబడి ఎక్కడిది? లూయీ దగ్గర పనిచేసిన బట్లర్ కోల్‌మన్, ఒళ్లమ్ముకుని బతికే ఒఫీలియా జీవితమంతా దాచుకున్న డబ్బు అందులో ఉంది. మనిషిని పుట్టుక మలుస్తుందా, పెరిగిన చోటా అని ఒక్క డాలర్ పందెం కాసి, లూయీ, బిల్లీ రేల బతుకుల్ని తారుమారు చేసిన కోటీశ్వరులు ఒకవైపు. పోతే మళ్లీ సంపాదించుకోలేని డబ్బు తెచ్చి చేతిలో పెట్టిన ఈ ఇద్దరు ఒకవైపు. బాత్‌రూమ్‌లో ఆ డాలర్ చేతులు మారడం, బిల్లీ రే లోపల నక్కి అంతా వినడం చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నల్లవాడు తమ సంస్థని నడపడమేమిటని వాళ్లు మాట్లాడుకుంటున్నది అతని గురించే.

అంత చక్కగా తీసిన సినిమాలో, రైల్లో లూయీ ముఖానికి నల్లరంగు పూసుకుని వేషం వెయ్యడం మాత్రం నాకు నచ్చలేదు. అది ఉండకూడదు.

ప్రశ్న: దొంగిలించిన ప్రభుత్వ నివేదికతో వ్యాపారం చేస్తే నేరం కాదా?
– అదే పాఠకురాలు

జవాబు: దొంగతనం ఎప్పుడూ నేరమే. కానీ బయటికి రాని ప్రభుత్వ సమాచారం పట్టుకుని సరుకుల మార్కెట్లో వ్యాపారం చెయ్యకూడదన్న నిషేధం అప్పటికి అమెరికాలో లేదు. 2010లో ఆర్థిక మార్కెట్ల సంస్కరణకు తెచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టంలో 746వ సెక్షన్‌గా వచ్చింది. బిల్లీ రేగా వేసిన నటుడి పేరు మీద దాన్ని 'ఎడీ మర్ఫీ రూల్' అంటారు.