ఆ పర్డీ తుపాకీ 1870ల నాటిది కాదు
బ్రదర్, ఫొటోలు చూశా, 1870ల్లో ఒక ఎర్ల్ (బ్రిటిష్ ప్రభువు) గారు లండన్ తుపాకీల కంపెనీ పర్డీ దగ్గర చేయించుకున్న తుపాకీ అని మీకు అమ్మినాయన చెప్పిన మాట నిలబడట్లేదు. రిబ్ (రెండు బ్యారెల్స్‌ని కలిపే పట్టీ) మీద లండన్‌లోని ఆడ్లీ హౌస్ అడ్రస్ ఉంది కదా, పర్డీ వాళ్ళు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నుంచి అక్కడికి మారిందే 1882లో. ఇక బ్యారెల్స్ అడుగున 'నాట్ ఫర్ బాల్' (ఒంటి గుండు పేల్చొద్దు) అనే ప్రూఫ్ ముద్ర, అంటే బ్యారెల్స్ పరీక్షించాక కొట్టే ముద్ర, కనబడుతోంది, అది 1875 నుంచి 1887 దాకానే కొట్టారు, కాబట్టి బ్యారెల్స్ ఒరిజినల్ అయితే గన్ 1882-87 మధ్యదే. చెక్క మీద వెండి బిళ్ళలో ఉన్న వంశ చిహ్నం చూసి నమ్మేయకండి, తర్వాత ఎవరైనా చెక్కించి ఉండొచ్చు. సీరియల్ నంబర్ పర్డీ వాళ్ళకే పంపి, మొదట ఎవరి పేరు మీద ఆర్డర్ ఉందో పాత లెడ్జర్లలో చూడమనండి, అదే అసలు సాక్ష్యం. అవి డమాస్కస్ బ్యారెల్స్ (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాత రకం), ఇప్పటి తూటాల ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు, అందుకే గన్‌స్మిత్ చూసేదాకా ఈ కాలం తూటాలు అస్సలు వేయొద్దు.